భూస్వరూపశాస్త్ర పుస్తకంలో నీటి పాఠాన్ని తిరిగి రాయడం: నా అనుభవం

డిగ్రీ తెలుగు మాధ్యమం విద్యార్థుల కోసం చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక భూస్వరూపశాస్త్ర పాఠ్యపుస్తకాన్ని సవరించే పని మొదలైనప్పుడు, అందులోని జలశాస్త్ర భాగాన్ని నాకు అప్పగించారు. ఆ భాగాన్ని ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పినవాణ్ని కాబట్టి దాని లోపం ఎక్కడుందో నాకు కొంత తెలుసు. అందులో తప్పులు పెద్దగా లేవు. జలచక్రం బొమ్మ ఉంది. భూమి మీది నీటిలో దాదాపు 97 శాతం సముద్రాలలోనే ఉందన్న లెక్క ఉంది. బాష్పీభవనానికీ, ఇంకుడుకూ, ఉపరితల ప్రవాహానికీ, భూగర్భజలానికీ నిర్వచనాలు ఉన్నాయి. పేజీ తిప్పితే నదీ స్వరూపాలు మొదలవుతాయి. అక్కడి నుంచి పుస్తకం చివరిదాకా జలచక్రం ఊసే ఉండదు. లోయను నది తవ్విందని చెబుతారు గానీ, ఆ నదిలోకి నీరు ఏ దారిన వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది, ఎంత వచ్చింది అన్న ప్రశ్న పుస్తకం ఎక్కడా వేయదు. దాంతో విద్యార్థి జలచక్రాన్ని ఒక ప్రశ్నకూ, లోయను ఇంకో ప్రశ్నకూ జవాబుగా వేరువేరుగా కంఠస్థం చేస్తాడు.

జలశాస్త్రానికి ప్రత్యేక అధ్యాయమే వద్దని సంపాదక బృందానికి నేను ప్రతిపాదించాను. ఇంకుడు, ఉపరితల ప్రవాహం వాలుల అధ్యాయంలోకి, ప్రవాహ కొలతలు నదీమార్గాల అధ్యాయంలోకి, వరదలు వరద మైదానాల అధ్యాయంలోకి, భూగర్భజలం శిలాశైథిల్యం అధ్యాయంలోకి వెళ్ళాలన్నది నా ఆలోచన. దానికి వచ్చిన అభ్యంతరం విద్యాపరమైనది కాదు, పాలనాపరమైనది. విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో అది ఒక యూనిట్. యూనిట్‌కు ఇన్ని ప్రశ్నలని ముందే నిర్ణయమై ఉంది. అధ్యాయాన్ని ముక్కలు చేస్తే ప్రశ్నపత్రం తయారుచేసేవారికి దారి తెలియదు. చివరికి, అధ్యాయం ఉంటుంది గానీ అందులోని ప్రతి భాగం ఏదో ఒక భూస్వరూపం దగ్గర ముగియాలి, తర్వాతి అధ్యాయాలు దాన్ని పేరుపెట్టి గుర్తుచేయాలి అన్న రాజీ కుదిరింది. ఆ రాజీ నాకు పూర్తిగా నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయితే ఒక మేలు జరిగింది: ఏ నిర్వచనమైనా భూస్వరూపం దాకా చేరకపోతే దాన్ని తీసేయడానికి నాకు ఒక నియమం దొరికింది. 97 శాతం లెక్క మూడు పంక్తులకు కుదించుకుపోయింది, మేఘాల రకాలు పూర్తిగా పోయాయి.

ఎక్కువ కాలం పట్టింది వాననీరు వాగుకు చేరే దారుల గురించి రాయడానికే. పాత పాఠంలో దీనికి ఒక్క వాక్యమే ఉండేది: నేల పీల్చుకోగా మిగిలిన నీరు ఉపరితలం మీద పారి వాగుల్లో కలుస్తుంది. అమెరికా ఇంజనీరు రాబర్ట్ హార్టన్ 1933లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఇది బాగా కుదించిన రూపం. వాన తీవ్రత నేల ఇంకుడు సామర్థ్యాన్ని మించినప్పుడు మిగులు నీరు పైన పారుతుందని ఆయన చెప్పారు. అనంతపురం ప్రాంతంలోని చెట్టూచేమా లేని ఎర్రనేలల మీద జడివాన కురిసినప్పుడు సరిగ్గా జరిగేది ఇదే. కానీ అన్నిచోట్లా ఇలా జరగదు. 1960లలో జాన్ హ్యూలెట్, ఆయన సహచరులు అమెరికాలోని అపలాచియన్ కొండల్లో, కొవీటా అడవుల్లో చేసిన పరిశీలనల్లో వాననీరు దాదాపుగా అంతా నేలలోకి దిగి, మట్టిపొరల గుండా కిందికి జారి వాగుకు చేరుతుందని తేలింది. 1970లో థామస్ డన్, రిచర్డ్ బ్లాక్ వెర్మాంట్ రాష్ట్రంలో చూపించింది మూడో దారి. వాగు పక్కని పల్లంలో నేల అప్పటికే నీటితో నిండి ఉంటే, అక్కడ పడిన వాన ఎంత సన్నదైనా ఇంకే చోటు లేక నేరుగా పారుతుంది. అలా నిండిన మేర వానాకాలం గడిచేకొద్దీ విస్తరిస్తుంది, ఎండ కాస్తే కుంచించుకుపోతుంది.

ఈ మూడింటినీ పేర్లతో, సంవత్సరాలతో వరుసగా రాస్తే అది కంఠస్థం చేయాల్సిన ఇంకో జాబితా అవుతుంది తప్ప పాఠం కాదు. అందువల్ల నేను చెరువుతో మొదలుపెట్టాను. తొలకరిలో కురిసిన మంచి వానకు చెరువులోకి చుక్కనీరు రాకపోవడం, సెప్టెంబరు చివర అంతే వానకు అదే చెరువు మత్తడి దుంకడం తెలంగాణ పల్లెల్లో పెరిగిన ఏ విద్యార్థికైనా తెలిసిన విషయమే. ఈ రెండు వానల నడుమ వాన పరిమాణం మారలేదు, వాలు మారలేదు, రాయి మారలేదు. నేల ఎంత నిండి ఉందన్నది మాత్రమే మారింది. ఈ ఒక్క పరిశీలనను ముందు పెడితే డన్ చెప్పింది విద్యార్థికి పరాయి దేశపు సిద్ధాంతంగా కనిపించదు. అలాగే అరవై మిల్లీమీటర్ల వాన రెండు రోజుల ముసురుగా పడితే ఏమవుతుంది, గంటలో జడివానగా పడితే ఏమవుతుంది అని అడిగితే హార్టన్ చెప్పింది వాళ్ళే చెప్పేస్తారు.

ముసాయిదా తయారయ్యాక దాన్ని రెండో సంవత్సరం విద్యార్థులతో చదివించాను. చదవడం ఒక్కటే చాలదనిపించి ఇంకుడు కొలిచే వలయాలు చేయించాము. ప్రామాణిక పరికరంలో రెండు ఇనుప వలయాలు ఉంటాయి: లోపలిది 30 సెంటీమీటర్ల వ్యాసం, బయటిది 60. రెండింటినీ నేలలోకి సమానంగా దిగగొట్టి, రెండింటిలోనూ నీళ్ళు పోసి, లోపలి వలయంలో నీటిమట్టం ఎంత వేగంగా దిగుతుందో స్కేలుతో చూస్తారు. బయటి వలయంలోని నీరు పక్కలకు పాకిపోయే ఊటను తనమీద వేసుకుంటుంది కాబట్టి, లోపలి నీరు చాలామటుకు నిలువుగానే దిగుతుంది. మా ఊరి వెల్డింగ్ షాపులో మందపు రేకు వంచి చేయించుకున్న ఆ వలయాలను వేసవి చివర ఒక నల్లరేగడి చేలో దింపాము. పోసిన నీరు పోసినట్టే పగుళ్ళలోకి మాయమైంది. స్కేలు మీద చదవడానికి మట్టమే నిలవలేదు. కొలతలు రాసుకుంటున్న అబ్బాయి, "సార్, నల్లరేగట్లో నీళ్ళు బాగా ఇంకుతాయని రాసెయ్యమంటారా?" అని అడిగాడు. అలాగే రాయమన్నాను, కాకపోతే తేదీ కూడా వేయమన్నాను. వానలు పడి నేల ఉబ్బి పగుళ్ళు మూసుకున్నాక అదే చేలో, అవే వలయాలలో నీరు కదలకుండా నిలబడిపోయింది. గంటకు కొన్ని మిల్లీమీటర్లు దిగడమే గగనమైంది. ఎర్ర చల్కానేలలో మరో రకం ఫలితం వచ్చింది: వానదెబ్బకు పైన గట్టి పొర కట్టిన బీడులో నీరు నెమ్మదిగా దిగింది, దాని పక్కనే దున్నిన చాళ్ళలో గబగబా దిగింది. పాత పుస్తకంలో నల్లరేగడికి ఒక ఇంకుడు విలువ, ఎర్రనేలకు ఒక విలువ ఇచ్చిన పట్టిక ఉండేది. దాన్ని తీసేసి, ఒకే నేలకు వేర్వేరు రుతువుల్లో ఇంకుడు ఎలా మారుతుందో చూపే రెండు వక్రరేఖలు గీయించాను.

ఇంతవరకూ ఇది జలశాస్త్రమే. భూస్వరూపం దగ్గర ముగియాలన్న నియమం ఇక్కడే నాకు బాగా పనికొచ్చింది. నీరు పైన పారే చోట మట్టిని కోసుకుపోతుంది, సన్నని చారలు పడతాయి, అవి గండ్లవుతాయి. రాయలసీమ బీళ్ళలో కనిపించేది ఇదే. నీరు నేల లోపలి నుంచి నడిచే అడవి వాలు మీద అలాంటి కోత తక్కువ, కానీ మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి వాలు మొత్తం జారిపడే అవకాశం ఎక్కువ. పల్లం నిండి నీరు పైకి వచ్చే చోట వాగు తల మొదలవుతుంది. అంటే ఒక వాలు ఏ రూపం తీసుకుంటుందన్నది దాని మీద ఎంత వాన పడిందన్న దానికంటే, ఆ వాన ఏ దారి పట్టిందన్న దానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. పుస్తకం మొత్తంలో విద్యార్థికి ఈ ఒక్క విషయం పట్టుబడితే చాలునని నేను అనుకున్నాను. ఆక్సిజన్-18 వంటి ఐసోటోపుల సాయంతో, తేమ ప్రాంతాల్లో వరద వేళ వాగులో పారే నీటిలో ఎక్కువ భాగం అప్పటి వాన కాదనీ, ముందునుంచే నేలలో దాగిన పాత నీరనీ కనుక్కున్న సంగతి కూడా రాశాను గానీ, పేజీల పరిమితి వల్ల దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

నదీ ప్రవాహాన్ని కొలవడం గురించి పాత పుస్తకం ఒక సూత్రం ఇచ్చి ఊరుకుంది: అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహ పరిమాణం వస్తుంది. ఆ సూత్రం సరైనదే, కానీ వానాకాలంలో మన విద్యార్థులు రోజూ వార్తల్లో వినేది అడుగులూ, క్యూసెక్కులూ (సెకనుకు ఘనపుటడుగులు), టీఎంసీలూ (ఒక్కోటి వంద కోట్ల ఘనపుటడుగులు). భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అడుగులకూ క్యూసెక్కులకూ సంబంధం ఏమిటన్నది ఏ పాఠంలోనూ లేదు. అందుకని వార్తల్లో వచ్చే విలువలతోనే ఒక అభ్యాసం తయారుచేశాను. 43 అడుగుల దగ్గర ప్రవాహం సుమారు తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులు, 53 దగ్గర పద్నాలుగు లక్షలకు పైన, 2022 జులైలో 71.3 అడుగులకు చేరినప్పుడు ఇరవైనాలుగు లక్షలకు పైన. విద్యార్థులు వీటిని గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే, మట్టం పెరిగేకొద్దీ ఒక్కొక్క అడుగు మోసే నీరు ఎలా పెరుగుతుందో కళ్ళకు కడుతుంది: పైకి వెళ్ళేకొద్దీ నది వెడల్పవుతుంది, లోతూ వేగమూ కలిసి పెరుగుతాయి. ఆ గీతను 75.6 అడుగుల దాకా పొడిగించి 1986 ఆగస్టు వరదను అంచనా వేయమన్నాను. అక్కడే ఇంకో ప్రశ్న కూడా వేశాను: కొలవని మట్టానికి గీతను పొడిగించడం ఎంతవరకు నమ్మదగింది? ఒక వరద నది అడుగును కోసేసినా, మేట వేసినా గీతే మారిపోతుంది కదా. కేంద్ర జల సంఘం వారు ప్రవాహాన్ని మళ్ళీ మళ్ళీ కొలుస్తూ ఉండడానికి కారణం అదే.

కొలమానాల విషయంలో బృందంలో కొంత చర్చ జరిగింది. శాస్త్రగ్రంథంలో ఘనపు మీటర్లే ఉండాలని కొందరు వాదించారు. నేను రెండూ ఉండాలన్నాను, రెండూ ఉన్నాయి. సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుందని విద్యార్థే లెక్కకట్టి తెలుసుకుంటే, జలాశయంలోకి ఇంత ప్రవాహం, ఇన్ని టీఎంసీల నిల్వ అన్న వార్తను తర్వాత తనంతట తానే చదువుకోగలడు. ధవళేశ్వరం దగ్గర 1986లో నమోదైన సుమారు 35 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్లని పక్కనే ఇచ్చాము.

అసలు వాదోపవాదం డేవిస్ దగ్గర వచ్చింది. విలియం మోరిస్ డేవిస్ 1899లో ప్రచురించిన క్రమక్షయచక్రం, అంటే కోతవల్ల భూరూపాలు దశలవారీగా మారుతాయన్న సిద్ధాంతం, మన పుస్తకాలన్నింటిలోనూ ఉంటుంది. యవ్వనం, ప్రౌఢం, వార్ధక్యం అన్న దశలు పోటీపరీక్షల్లో అడుగుతారు కాబట్టి వాటిని తీయడం నా ఉద్దేశం కాదు. నాకు అభ్యంతరం వాటి వెంట వచ్చే ఒక వాక్యం మీద: కొండల్లో నది వేగంగా పారుతుంది, మైదానంలో వృద్ధనది నెమ్మదిగా పారుతుంది. లూనా లియోపోల్డ్, థామస్ మాడాక్ 1953లోనే కొలతలతో చూపించారు, నది వెంట కిందికి వెళ్ళేకొద్దీ సగటు వేగం తగ్గదనీ, సాధారణంగా స్వల్పంగా పెరుగుతుందనీ. ప్రవాహ పరిమాణంతో పాటు వెడల్పు దాదాపు 0.5 ఘాతంతో, లోతు 0.4తో, వేగం 0.1తో పెరుగుతాయి; వెడల్పు, లోతు, వేగాల లబ్ధమే ప్రవాహం కాబట్టి ఈ మూడు ఘాతాల మొత్తం ఒకటి కావాలి. కొండవాగు నురగలు కక్కుతూ దూకుతుంది కాబట్టి వేగంగా పోతున్నట్టు మన కంటికి అనిపిస్తుంది, కానీ బండరాళ్ళ మధ్య సుడులు తిరగడంలోనే దాని శక్తి చాలావరకు ఖర్చయిపోతుంది.

పెద్దవారైన ఒక సంపాదకులు దీన్ని సులభంగా ఒప్పుకోలేదు. ఆయనకు నచ్చజెప్పడానికి, లోతు, వాలు, గరుకుదనాల నుంచి నీటి వేగాన్ని కట్టే మ్యానింగ్ సూత్రంతో ఒక లెక్క వేసి ఇచ్చాను, తర్వాత అదే పుస్తకంలోకి వెళ్ళింది. వరదలో ఉన్న కొండవాగుకు లోతు ఒక మీటరు, వాలు నూటికి ఒకటి, గరుకుదనం 0.06 అనుకుంటే వేగం సెకనుకు సుమారు 1.7 మీటర్లు. మైదానంలో వరదలో ఉన్న పెద్ద నదికి లోతు 15 మీటర్లు, వాలు పదివేలకు ఒకటి, గరుకుదనం 0.03 అనుకుంటే వేగం సుమారు 2 మీటర్లు. వాలు వంద రెట్లు తక్కువైనా పెద్ద నదే ముందుంటుంది, ఎందుకంటే లోతు ఎక్కువ, అడుగు నునుపు. ఆయన ఆ లెక్కను తన చేత్తో మళ్ళీ వేసుకుని చూసి, "సరే, వాక్యం మార్చండి, డేవిస్‌ను మాత్రం ముట్టుకోకండి" అన్నారు. డేవిస్ అలాగే ఉన్నారు, ఒక పందొమ్మిదో శతాబ్దపు ఆలోచనగా, తేదీతో సహా.

వరదల భాగాన్ని త్వరగానే ముగించాను. నూరేళ్ళ వరద నూరేళ్ళకు ఒకసారి వస్తుందన్న అపోహను పోగొట్టడానికి ఒక లెక్క చాలు: ఏటా ఒక శాతం అవకాశమున్న వరద ముప్పై ఏళ్ళలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఆనకట్టను రూపొందించేటప్పుడు లెక్కలోకి తీసుకున్న వరద 19 లక్షలు. ఒడ్డులు నిండే ప్రవాహమే నదీమార్గాన్ని మలుస్తుందనీ, అది ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వస్తుందనీ వోల్మన్, మిల్లర్ 1960లో వేసిన బాటను అనుసరించి పాత పుస్తకం రాసింది. ద్వీపకల్ప నదులకు దాన్ని యథాతథంగా అన్వయించకూడదు. రుతుపవనాల నెలల్లోనే ఏడాది నీటిలో అధికభాగం పారే మన నదుల్లో అరుదైన పెద్ద వరదల పాత్ర ఎక్కువని నర్మదా, తపతి వంటి నదుల మీద విశ్వాస్ కాలే చేసిన పరిశోధనలు చూపుతున్నాయి. ఆ సంగతి ఒక పేరాలో చేర్చాను.

భూగర్భజలం దగ్గర పాత పాఠం ఇసుకరాయి, సున్నపురాయి పొరల బొమ్మ వేసి, వాటి మధ్య నీరు నిండిన పొరను చూపించింది. తెలంగాణలో, రాయలసీమలో చాలాభాగం గ్రానైటు, నైసు వంటి గట్టి రాయే. అక్కడ అలాంటి పొర ఉండదు; శిథిలమైన పైపొరలో, దాని కింద పగుళ్ళలో ఉన్నంత నీరే ఉంటుంది. శైథిల్యం ఎంత లోతుకు దిగిందన్నది భూస్వరూపశాస్త్రం ప్రశ్న, బావిలో ఎంత నీరుందన్నది జలశాస్త్రం ప్రశ్న. ఇక్కడ రెండూ ఒకటే. ఆ శిథిల పొర ఘనపరిమాణంలో నూటికి ఒకటిన్నర వంతు నీటిని మాత్రమే వదులుతుందని అనుకుంటే, బావిలో మట్టం ఒక మీటరు దిగిందంటే పోయింది 15 మిల్లీమీటర్ల నీరే. వర్షాకాలంలో నీటిమట్టం అంత వేగంగా లేచి, వేసవిలో అంత వేగంగా పడిపోవడానికి కారణం ఈ చిన్న నిల్వ. ఎండిన పెన్నా, పాపాఘ్ని ఇసుకలో చెలమ తీస్తే నీరు ఊరడం ఇందుకు భిన్నమైన సంగతి: అక్కడ నది ఎండిపోలేదు, ఇసుకలోకి దిగింది.

అధ్యాయం మొదట్లో ఏం ఉండాలన్నది చివరగా నిర్ణయించాను. పియర్ పెరో 1674లో సీన్ నది ఎగువ భాగంలో వాననూ ప్రవాహాన్నీ పోల్చి, నదిలో పారే నీటికి ఆరు రెట్లు వాన కురుస్తోందని చూపించాడు. నదులకు నీరు భూగర్భ సముద్రాల నుంచి రానక్కర్లేదని అంతటితో తేలింది. ఆ లెక్కనే గోదావరికి వేయించాను. 3,12,812 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం మీద సగటున 1,100 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 12 వేల టీఎంసీలు. నదిలో సహజంగా పారేది దాదాపు 3,900. మిగిలిన మూడింట రెండు వంతులు ఎక్కడికి పోయాయన్న ప్రశ్నతో పాఠం మొదలవుతుంది, బాష్పీభవనం, ఇంకుడు, మొక్కలు ఆకుల గుండా నీటిని ఆవిరిగా వదిలే బాష్పోత్సేకం దానికి జవాబులుగా వస్తాయి.

సమీక్షకు పంపినప్పుడు గ్రామీణ కళాశాలల అధ్యాపకుల నుంచి వచ్చిన సూచనలే ఎక్కువగా ఉపయోగపడ్డాయి. వెబ్‌సైటు చూసి సమాచారం సేకరించండి అని నేను రాసిన అభ్యాసాలను తమ విద్యార్థులు చేయలేరని ఒకరు రాశారు. అంకెలన్నీ పట్టికలుగా పుస్తకంలోనే అచ్చువేయించాము. తొలకరి వానకు నిండని చెరువు సెప్టెంబరు వానకు ఎందుకు నిండిందన్న మాదిరి ప్రశ్నకు ఒకే సరైన జవాబు లేదు కాబట్టి మూల్యాంకనంలో ఇబ్బంది వస్తుందని ఇంకొకరు అన్నారు. తేమ, పంటకాలువలు, పై చెరువు నిండి కిందికి వదలడం, ఈ మూడింటిలో ఏది రాసినా, కారణం చూపితే మార్కులు ఇవ్వాలని మూల్యాంకన సూచిక రాసి పంపాక ఆ ప్రశ్నను ఉంచారు. మరికొన్ని ప్రశ్నలు అధ్యాపకుల కరదీపికలోకి వెళ్ళిపోయాయి.

మేట గురించిన భాగం మాత్రం ఇంకా తేలలేదు. జలాశయాల వెనక ఇసుక, ఒండ్రు ఆగిపోవడం వల్ల కృష్ణా, గోదావరి డెల్టాలకు చేరే మేట బాగా తగ్గిందని, నీటితో పాటు మేటను కూడా లెక్కలోకి తీసుకోకపోతే నది లెక్క సగమే అవుతుందని రాశాను. తీరప్రాంత అధ్యాయం రాస్తున్న సహోద్యోగిని ఆ పేజీలు డెల్టా పాఠంలోనే ఉండాలంటున్నారు. ఆవిడ వాదనలోనూ బలం ఉంది; ప్రస్తుతానికి ఆ పేజీలు ఇద్దరి రాతప్రతుల్లోనూ ఉన్నాయి.